మైదానం వదలకుండానే సైన్సు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికిపైగా పదో తరగతికీ ఇంటర్‌కీ మధ్య ఆగి ఆలోచిస్తున్న ఇళ్ల నుంచి వచ్చినవే. పిల్లలు ఆటలో రాణిస్తున్నారు, చదువులోనూ వెనకబడలేదు. ఇప్పుడు ఏదో ఒకటి వదిలేయాలా అన్నదే అందరి బెంగ. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి వెయిట్‌లిఫ్టింగ్ చేస్తుంది. పదో తరగతి. బైపీసీ తీసుకుంటానంటోంది. సీఈసీ అయితే తేలిక, ప్రాక్టికల్స్ గొడవ ఉండదని కోచ్ గారు, బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: బైపీసీలోనే చేర్పించండి. సైన్సు గొప్పది, ఆర్ట్స్ తక్కువది అని కాదు. ఈ తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది. బైపీసీ చదివిన పిల్ల తర్వాత మనసు మారితే బీఏకో, లా కోర్సుకో, ఫిజికల్ ఎడ్యుకేషన్‌కో వెళ్లవచ్చు. సీఈసీ చదివిన పిల్లకు పందొమ్మిదో ఏట భుజం గాయమై, ఫిజియోథెరపీ చదవాలనిపిస్తే మాత్రం ఇంటర్ మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. ఆటలో భవిష్యత్తు ఎటు తిరుగుతుందో తెలియని వయసులో వెనక్కి రాలేని దారి ఎంచుకోకూడదు.

ఇంకో పొరపాటూ చాలా ఇళ్లలో జరుగుతోంది. కాలేజీకి వెళ్లకుండా పరీక్ష రాయించవచ్చు కదా అని హాజరు మినహాయింపు కోసం చూస్తారు. మన ఇంటర్ బోర్డుల్లో ఆ వెసులుబాటు ఆర్ట్స్ గ్రూపులకే. సైన్సు గ్రూపులకు 75 శాతం హాజరు ఉండాలి. 60 నుంచి 75 మధ్య ఉంటే రుసుము కట్టి మినహాయింపు అడగవచ్చు. 60 కన్నా పడిపోతే ఆ ఏడాది పోయినట్టే.

నిజానికి గ్రూపు కన్నా కాలేజీ ఎంపికే మీ అమ్మాయి ఆటను నిలబెట్టేది, చెడగొట్టేది. ఉదయం ఆరింటికి స్టడీ అవర్ మొదలై రాత్రి పదింటికి ముగిసే రెసిడెన్షియల్ కాలేజీలో ఏ గ్రూపు తీసుకున్నా బార్‌బెల్ ముట్టుకోవడం కుదరదు. తొమ్మిదిన్నరకు మొదలై నాలుగుకి వదిలే కాలేజీ చూడండి. ట్రైనింగ్ హాలు నుంచి అరగంట దూరం మించకూడదు. చేరే ముందే ప్రిన్సిపాల్‌ను మూడు సంగతులు అడగండి. పోటీలకు వెళ్లిన రోజులకు ఆన్ డ్యూటీ హాజరు వేస్తారా? యూనిట్ టెస్ట్ తప్పితే మళ్లీ పెడతారా? రికార్డు పని తర్వాత పూర్తి చేయనిస్తారా? నోటిమాట మీద వదిలేయకండి. ఒక అర్జీ రాసి, దాని నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. ప్రిన్సిపాల్ బదిలీ అయిన ఏడాది ఆ కాగితమే దిక్కు.

వెయిట్‌లిఫ్టింగ్ కాబట్టి ఒక హెచ్చరిక. పోటీకి ముందు బరువు తగ్గించడానికి నీళ్లు మానేసే అలవాటు ఉంటే, ఆ మూడు నాలుగు రోజుల్లో పరీక్ష పడకుండా చూడండి. ఒంట్లో నీరు తగ్గితే ముందు దెబ్బతినేది ఏకాగ్రతే. పదహారేళ్ల పిల్ల నీళ్లు మానేసి బరువు తగ్గడం అసలు మంచిది కాదు. పై బరువు విభాగంలో పోటీ చేయించమని కోచ్‌ను అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

ప్రశ్న: రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు మునుగుతాడని మా కాలంలో చెప్పేవారు. మనవడికి ఇప్పుడు అదే నేర్పిస్తున్నారా? – ఒక తాతగారు, రాజోలు

జవాబు: తాతగారూ, మీది గోదావరి సీమ. రెండు పడవలను పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిస్తే పంటు అవుతుందని, దాని మీద బండ్లూ జనమూ రేవు దాటేవారని మాకన్నా మీకే బాగా తెలుసు. మునిగేది కట్టకుండా వదిలేసిన పడవల మీద నిలబడ్డవాడే.

1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవో అప్పట్లో కలకత్తా కార్మైకేల్ వైద్య కళాశాల విద్యార్థి. తర్వాత నాగాలాండ్‌లో డాక్టరుగా పనిచేశారు. 1972 మ్యూనిక్‌లో హాకీ కాంస్యం గెలిచిన జట్టులోని వేస్ పేస్ స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరు. టోక్యో ఒలింపిక్స్ మహిళల సైక్లింగ్ రోడ్ రేసు గెలిచిన ఆస్ట్రియా క్రీడాకారిణి అన్నా కీసెన్‌హోఫర్ గణితంలో పీహెచ్‌డీ చేసినామె. తన ట్రైనింగ్ ప్రణాళిక తనే లెక్కగట్టుకునేది. 2024 పారిస్‌లో 200 మీటర్ల స్వర్ణం గెలిచిన గాబీ థామస్ హార్వర్డ్‌లో న్యూరోబయాలజీ చదివింది. మనకు బాగా తెలిసిన అనిల్ కుంబ్లే మెకానికల్, అశ్విన్ ఐటీ ఇంజినీర్లు.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. వీళ్లెవరూ రెండింటికీ ఏడాది పొడవునా సమానంగా సమయం ఇచ్చి ఉండరు. కొన్ని నెలలు ఆట ముందుంటుంది, కొన్ని నెలలు చదువు. మనవడి ఇంట్లో ఆ క్యాలెండరు ఉందో లేదో చూడండి.

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. బ్యాడ్మింటన్ ఉదయం గంటన్నర, సాయంత్రం రెండున్నర గంటలు. రాత్రి పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. క్లాసులో నిద్ర వస్తోంది. బద్ధకమని తిడుతున్నారు. – ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ముందు నీ రోజును లెక్క వేద్దాం తల్లీ. నిద్ర ఎనిమిదిన్నర గంటలు, ఆట నాలుగు, కాలేజీ ఆరున్నర, ప్రయాణం గంటన్నర, స్నానం, తిండి గంటన్నర. మొత్తం 22. మిగిలింది రెండు గంటలు. ఆరు రోజులకు 12, ఆదివారం 4, వారానికి 16 గంటలు. రోజుకు ఆరు గంటలు చదివే స్నేహితురాలితో పోల్చుకుని దిగులుపడకు. నీ చేతిలో ఉన్నవి 16, వాటినే సరిగ్గా వాడాలి. నిద్రలోంచి కోసి 20 చేద్దామనుకుంటేనే అసలు నష్టం. మీ వయసువాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. పగలు నేర్చుకున్న స్మాష్ గానీ, లెక్క గానీ మెదడులో కుదురుకునేది నిద్రలోనే.

ఇలా చేసి చూడు. ఐదున్నరకు లేచి, ఐదుముప్పావు నుంచి ఏడుంబావు వరకు ఆట. తిన్నాక 7.50 నుంచి 8.15 వరకు లెక్కలు మాత్రమే: ఐదు లెక్కలు, అంతకుమించి వద్దు. ఒంట్లో రక్తం పరుగెడుతున్న ఆ పాతిక నిమిషాలు రాత్రి గంటతో సమానం. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇరవై నిమిషాలు కెమిస్ట్రీ సమీకరణాలు. మరో ఇరవై నిమిషాలు బల్ల మీద తల పెట్టి కునుకు తియ్యి. సాయంత్రం ఏడింటికి ఆట అయిపోగానే, కోర్టు దగ్గరే రెండు అరటిపండ్లు తిని గ్లాసు పాలు తాగు, లేదా వేరుశనగ చిక్కీ, అరలీటరు నీళ్లు. ఇంటికొచ్చి భోజనం చేసేదాకా ఖాళీ కడుపుతో ఉండటం వల్ల కూడా అక్షరాలు అలుక్కుపోతాయి. భోజనం ముగించి 7.45 నుంచి తొమ్మిది దాకా చదువు. తొమ్మిది కాగానే దీపం ఆర్పేయాలి. ఫోను వేరే గదిలో ఉండాలి.

రాత్రి చదువు అంటే పుస్తకం ముందేసుకుని గీతలు గీయడం కాదు. అలసిన కళ్లు చదువుతున్నట్టు నటిస్తాయి. తెల్లకాగితం తీసుకుని, ఆ రోజు పాఠంలో గుర్తున్నదంతా పది నిమిషాలు రాయి. తర్వాత పుస్తకం తెరిచి తప్పినవి ఎర్ర సిరాతో చేర్చు. అదే కాగితాన్ని మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు మళ్లీ చూడకుండా రాయి. పదో రోజుకి ఎర్ర సిరా దాదాపు ఉండదు. సర్వీసు వంద సార్లు చేస్తేనే చేతికి పట్టుబడుతుందని నీకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా, జ్ఞాపకమూ అంతే.

పోటీల వారంలో కొత్త పాఠం ముట్టుకోకు. రోజుకు 40 నిమిషాలు పాతవి మాత్రమే. రైల్లోకి లావుపాటి పుస్తకాలు మోసుకెళ్లి తెరవకుండా తిరిగి తెచ్చేవాళ్లే ఎక్కువ. ఇరవై లెక్కలున్న రెండు కాగితాలు, ఫార్ములాల చిన్న పుస్తకం చాలు. పోటీ అయిన మర్నాడు పూర్తి విశ్రాంతి. ఆ తర్వాతి రెండు వారాలు సాయంత్రం ఆటను గంటన్నరకు తగ్గించమని కోచ్‌ను అడిగి, తప్పిన పాఠాలు పూర్తి చెయ్యి.

ఇవన్నీ చేసినా నెల తర్వాత కూడా క్లాసులో నిద్ర ఆగకపోతే అది బద్ధకం కాదు. అమ్మతో వెళ్లి రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండవచ్చు కాబట్టి ఫెరిటిన్ కూడా చూడమని డాక్టరును అడగండి. కఠినంగా ఆడే అమ్మాయిల్లో ఇది చాలా మామూలు. నెలసరి మూడు నెలలు వరుసగా రాకపోతే కూడా చెప్పు. ఆడుతున్న ఆటకు తింటున్న తిండి చాలడం లేదనడానికి అదొక గుర్తు. భోజనంతోపాటు టీ, కాఫీ తాగకు. తిండిలోని ఐరన్ ఒంటికి పట్టనివ్వవవి.

ప్రశ్న: బాబు సీబీఎస్ఈ పదో తరగతి. జాతీయ పోటీల తేదీలు బోర్డు పరీక్షల మీద పడేలా ఉన్నాయి. ఆట మానిపించాలా? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: వద్దు. సీబీఎస్ఈలో దీనికి ఏర్పాటు ఉంది. జాతీయ, అంతర్జాతీయ పోటీలకు ఎంపికైన 10, 12 తరగతుల పిల్లలకు, పోటీ తేదీల్లోగానీ ప్రయాణం రోజుల్లోగానీ పరీక్ష పడితే ఆ సబ్జెక్టును తర్వాత రాయనిస్తారు; పదో తరగతికి 2026 నుంచి అది రెండో విడత బోర్డు పరీక్షలోనే. పోటీకి స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉండాలి. క్రికెట్ అయితే బీసీసీఐది. మీరు నేరుగా దరఖాస్తు చేస్తే చెల్లదు, బడి ద్వారానే వెళ్లాలి. ఎంపిక లేఖ, పోటీల షెడ్యూలు, రాకపోకల టికెట్లు జతచేసి, ఆ ఏడాది సర్క్యులర్‌లో చెప్పిన గడువు లోపల ఇవ్వాలి. చాలామందికి ఇక్కడే చిక్కు వస్తుంది: ఎంపిక లేఖ సంఘం నుంచి ఆలస్యంగా అందుతుంది, అప్పటికి గడువు అయిపోతుంది. అందుకే రాష్ట్ర పోటీల్లో పతకం వచ్చిన రోజే ప్రిన్సిపాల్‌కు ముందస్తుగా ఒక లేఖ ఇచ్చి ఉంచండి.

రాష్ట్ర ఇంటర్ బోర్డు పిల్లలైతే అలా ఆశ పెట్టుకోకండి. థియరీ తప్పితే సప్లిమెంటరీయే దారి. ప్రాక్టికల్స్ మాత్రం విడతలుగా జరుగుతాయి కాబట్టి, బ్యాచ్‌ల పట్టిక ఖరారు కాకముందే అడిగితే కాలేజీవాళ్లు వేరే రోజుకు మార్చగలరు. పట్టిక వచ్చాక అడిగితే వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

ఏడాదిలో సగం రోజులు క్యాంపుల్లోనే గడిచే స్థాయికి వెళ్తే ఎన్ఐఓఎస్, అంటే జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, మంచి దారి. ఒకసారి నమోదైతే ఐదేళ్లు చెల్లుతుంది, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, కొన్ని కేంద్రాల్లో అడిగినప్పుడు రాసే ఏర్పాటు కూడా ఉంది. సబ్జెక్టులను ఒక్కొక్కటిగా పూర్తి చేసుకోవచ్చు. ఇక్కడ జరిగే తప్పు సబ్జెక్టుల ఎంపికలోనే: తేలికగా ఉంటాయని ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కల్లో ఒకటి వదిలేస్తారు. ఐదు సబ్జెక్టులు లేకుండా జేఈఈ రాయలేరు. ఆ ఐదింటిలో ఈ మూడూ ఉండాల్సిందే.

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పీఈటీని. నా దగ్గర పరుగెత్తే పిల్లలు సైన్సు అంటే పారిపోతారు. గ్రౌండులోనే ఏదైనా చేయవచ్చా? – ఖమ్మం జిల్లా

జవాబు: సైన్సు టీచరుకు లేని ప్రయోగశాల మీ దగ్గర ఉంది మాస్టారూ. ఒక స్కేలు, ఒక ఫోను, ఒక కాటా చాలు.

స్కేలుతో మొదలుపెట్టండి. ఒకరు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోవాలి. ఇంకొకరు సున్నా దగ్గర వేళ్లు తెరిచి ఉంచాలి. చెప్పకుండా వదలండి, పట్టుకున్నచోట అంకె చూడండి. స్వేచ్ఛగా పడే వస్తువు సూత్రం ప్రకారం 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే 0.20 సెకను, 15 దగ్గర పట్టుకుంటే 0.175 సెకను. ఒక్కొక్కరికి పదిసార్లు చేయించి సగటు తీయించండి. స్ప్రింట్‌లో తుపాకీ మోగాక 0.1 సెకను కాకముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్ ఎందుకవుతుందో అప్పుడు వాళ్లే చెప్తారు. పట్టుకునేవాడి మోచెయ్యి బల్ల మీద ఆనించకపోతే చెయ్యి కిందికి కదిలి లెక్క తప్పుతుంది.

తర్వాత ఫోను. స్లో మోషన్ సెకనుకు 240 ఫ్రేములుంటే ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. పరుగెత్తే పిల్లవాడి పాదం నేలను తాకిన ఫ్రేము నుంచి లేచిన ఫ్రేము దాకా లెక్కపెట్టించండి. 30 ఫ్రేములు వస్తే 0.125 సెకను. ప్రపంచస్థాయి స్ప్రింటర్లు పూర్తి వేగంలో సుమారు 0.1 సెకను లేదా అంతకన్నా తక్కువే నేల మీద ఉంటారు. కెమెరాను ట్రాక్‌కు లంబంగా, పది మీటర్ల దూరంలో, నడుము ఎత్తులో ఏదైనా ఆధారానికి కదలకుండా కట్టండి. చేత్తో పట్టుకుని తిప్పితే దూరాల లెక్క పనికిరాదు. దూరం కొలవాలంటే మీటరు కర్రను పరుగెత్తే లేన్‌లోనే పెట్టి వీడియో తీయాలి. కెమెరాకు దగ్గరగా పెడితే కర్ర పెద్దదిగా, అడుగు చిన్నదిగా కనిపిస్తుంది. బడిలో కంప్యూటర్ ఉంటే కినోవియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కోణాలు కూడా కొలవవచ్చు.

ఇక కాటా. ప్రాక్టీసుకు ముందు 48.6 కిలోలున్న అమ్మాయి గంట తర్వాత, అరలీటరు నీళ్లు తాగి కూడా 47.8 తూగిందనుకుందాం. తగ్గినవి 0.8, తాగింది 0.5. గంటకు 1.3 లీటర్ల చెమట. బరువులో రెండు శాతం, అంటే ఈ పిల్లకు దాదాపు కిలో, నీటి రూపంలో పోతే ఆట మందగిస్తుంది. తడిసిన బట్టలతో తూస్తే చెమట బట్టల్లోనే ఉండి తూకం తప్పుతుంది. తుడుచుకుని, పొడి బట్టలతో తూయాలి.

కబడ్డీ పిల్లలకు కూత కన్నా మంచి శ్వాసక్రియ పాఠం లేదు. ముప్ఫై సెకన్ల రైడ్‌లో ఊపిరి ఆపలేకపోవడానికి కారణం ఆక్సిజన్ అయిపోవడమని అందరూ అనుకుంటారు. నిజానికి రక్తంలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ మెదడును తొందరపెడుతుంది. జావెలిన్ పిల్లలకు ఒక సంగతి చెప్పండి. 1984లో తూర్పు జర్మనీకి చెందిన ఊవే హోన్ 104.80 మీటర్లు విసిరాడు. స్టేడియం సరిపోయేలా లేదు, పైగా ఈటెలు బల్లపరుపుగా పడి కొలతకు తగాదాలు. దాంతో 1986లో పురుషుల ఈటె గురుత్వ కేంద్రాన్ని 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. ఈటె త్వరగా ముక్కు దించి గుచ్చుకోసాగింది, దూరాలు తగ్గాయి. పుస్తకంలో అర పేజీ ఉన్న గురుత్వ కేంద్రం పాఠం ఎందుకో అప్పుడు అడిగి చూడండి.

ఒక్కో పిల్లవాడికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, వారానికి ఒక్క కొలత రాయించండి. ఎక్కువ పెడితే హోంవర్క్ అయిపోతుంది, మళ్లీ పారిపోతారు.

ప్రశ్న: జూనియర్ జాతీయ పోటీల్లో స్విమ్మింగ్ పతకం ఉంది. జేఈఈకి చదువుతున్నాను. పతకం వల్ల ఏమైనా ఉపయోగమా? – ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఉంది. ఐఐటీ మద్రాస్ 2024–25 నుంచి క్రీడా ప్రతిభ ప్రవేశాలు మొదలుపెట్టింది. ప్రతి బీటెక్, బీఎస్ కోర్సులో అదనంగా రెండు సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకే. స్విమ్మింగ్ ఆ జాబితాలో ఉంది. గడిచిన నాలుగేళ్లలో జాతీయ లేదా అంతర్జాతీయ స్థాయిలో కనీసం ఒక పతకం ఉండాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు జాబితాలో పేరు రావాలి, కానీ సీటు నిర్ణయించేది ర్యాంకు కాదు, క్రీడా స్కోరు. జాబితాలో చోటుకు కావాల్సిన కనీస మార్కులు 2024లో 360కి 109, 2025లో 74. అంటే నువ్వు అందరితో పోటీపడి ముందు వరసలోకి రానక్కర్లేదు, జాబితా గీత దాటితే చాలు. అందుకని నీ ప్రిపరేషన్ కూడా వేరుగా ఉండాలి. మొత్తం సిలబస్ మీద పైపైన తిరగకుండా, బలమున్న సగం అధ్యాయాలను తప్పు లేకుండా చేసేంత లోతుగా చదువు. అయితే ప్రతి సబ్జెక్టులో విడిగా కనీస మార్కులు ఉంటాయి, కాబట్టి ఒక సబ్జెక్టును పూర్తిగా వదిలేస్తే మొత్తం మార్కులు దాటినా లాభం లేదు. అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. దరఖాస్తు ఐఐటీ, ఎన్ఐటీ సీట్లకు ఉమ్మడిగా జరిగే మామూలు జోసా కౌన్సెలింగ్‌లో కాదు, విడిగా ఐఐటీ మద్రాస్ పోర్టల్‌లో చేయాలి. అక్కడ మర్చిపోతే పతకం పెట్టెలోనే ఉంటుంది.

మన రాష్ట్రాల్లో ఈఏపీసెట్ ఇంజినీరింగ్ సీట్లలో క్రీడల కోటా అర శాతం. చిన్నదే, కానీ ఖాళీగా పోనివ్వకూడదు. ఇందులో ధ్రువపత్రాల పరిశీలనకు ప్రత్యేక తేదీ, ప్రత్యేక కేంద్రం ఇస్తారు. మామూలు హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లి వచ్చి, పని అయిపోయిందనుకునేవాళ్లు ఏటా ఉంటారు.

కాగితాల విషయంలో మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఇంటిపేరు. పదో తరగతి మెమోలో పూర్తి ఇంటిపేరు, క్రీడా సంఘం సర్టిఫికెట్‌లో పొడి అక్షరం, ఆధార్‌లో పేరు చివర ఇంటిపేరు ఉంటే ముగ్గురు వేరువేరు మనుషుల్లా కనిపిస్తారు. పదో తరగతి మెమోనే ప్రమాణంగా పెట్టుకుని మిగతావి ఇప్పుడే సరిచేయించు. పుట్టిన తేదీ కూడా అంతే. సర్టిఫికెట్ మీద పోటీ తేదీలు, విభాగం, వయోవర్గం, స్థానం, సంఘం కార్యదర్శి సంతకం ఉన్నాయో లేదో ప్రైజు తీసుకున్న రోజే చూసుకో. మూడేళ్ల తర్వాత సంఘంలో ఎవరుంటారో ఎవరికి తెలుసు!

ప్రశ్న: బైపీసీ రెండో సంవత్సరం. కబడ్డీ ఆడతాను. ఎంబీబీఎస్ సీటు వచ్చేలా లేదు. ఆటకు దగ్గరగా ఉండే చదువులేమిటి? – ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: మొదటిది ఫిజియోథెరపీ. ఇంతకాలం నాలుగేళ్ల చదువు, ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్. కొత్త జాతీయ పాఠ్యప్రణాళిక ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు చేసింది. ప్రవేశ విధానమూ మారుతోంది కాబట్టి ఈ ఏటి నోటిఫికేషన్ చూసుకుని అడుగు వెయ్యి, నిరుటి సీనియర్ మాట పట్టుకోకు. డిగ్రీ ఒక్కటే స్పోర్ట్స్ ఫిజియోను చేయదు, తర్వాత ఎంపీటీలో, అంటే ఫిజియోథెరపీ పీజీలో, స్పోర్ట్స్ విభాగం చదవాలి. కాలేజీ చూసేటప్పుడు దానికి ఎన్ని పడకల ఆసుపత్రి అనుబంధంగా ఉందో అడుగు. రోగులు లేని కాలేజీలో చేతికి పని రాదు.

పోషకాహారం రెండోది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన ముంగిట్లోనే ఉంది. సంబంధిత సైన్సు డిగ్రీ తర్వాత అక్కడ అప్లయిడ్ న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేయవచ్చు. కెమిస్ట్రీ ఇష్టమైతే డోపింగ్ పరీక్షల రంగం చూడు. ఢిల్లీలోని జాతీయ డోప్ పరీక్షా ప్రయోగశాలలాంటి చోట పని అంతా మాస్ స్పెక్ట్రోమీటర్ల మీదే, అంటే అణువులను వాటి బరువును బట్టి గుర్తుపట్టే యంత్రాల మీదే. మూత్రంలో మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఉన్న పదార్థాన్ని పట్టుకోవాలి. అనలిటికల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ దానికి పునాది. ఉద్యోగాలు మాత్రం తక్కువ. అదే చదువుతో మన హైదరాబాద్ మందుల కంపెనీల్లో పని దొరుకుతుంది కాబట్టి నష్టం లేదు.

ఆట ఇంకా నాలుగైదేళ్లు గట్టిగా ఆడాలనుంటే, ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ బీఎస్ కోర్సు కూడా ఆలోచించు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లిష్ చదివి, ఇంటర్ పాసైతే చాలు, జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష పాసవ్వాలి. పాఠాలు ఆన్‌లైన్‌లో, పరీక్షలు మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. పూర్తి చేయడానికి ఎనిమిదేళ్ల దాకా సమయం ఉంటుంది, మధ్యలో ఆగినా సర్టిఫికెట్, డిప్లొమా వస్తాయి. బైపీసీవాళ్లకు అందులో లెక్కలు మొదట్లో మింగుడుపడవు. చేరే ముందు మూడు నెలలు ఇంటర్ ఫస్టియర్ లెక్కల్లో ప్రమేయాలు, మాత్రికలు చూసుకో.

ప్రశ్న: మా అమ్మాయికి బ్యాడ్మింటన్‌లో అమెరికా యూనివర్సిటీ స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని ఒక ఏజెంటు డబ్బు అడుగుతున్నాడు. – విజయవాడ

జవాబు: డబ్బు కట్టకండి. అక్కడి కాలేజీ క్రీడలను నడిపే ఎన్సీఏఏ క్రీడల్లో బ్యాడ్మింటన్ లేదు, క్రికెట్ లేదు. టెన్నిస్, స్విమ్మింగ్, అథ్లెటిక్స్, గోల్ఫ్‌లాంటివి ఉన్నాయి. ఎన్సీఏఏ కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీస్తుంది. వాటిలో డివిజన్ త్రీ కాలేజీలు, హార్వర్డ్‌లాంటి ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు ఆట పేరిట స్కాలర్‌షిప్ ఇవ్వవు. డివిజన్ వన్‌కు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా 16 ప్రధాన కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ (నాలుగు పాయింట్ల కొలమానంలో సగటు గ్రేడు) కావాలి. ఇంగ్లిష్ నాలుగేళ్లు, లెక్కలు మూడేళ్లు, సైన్సు రెండేళ్లు అందులో తప్పనిసరి. టెన్నిస్ ఆడే పిల్లలున్నవాళ్లు తొమ్మిదో తరగతి మార్కుల మెమో పారేయకండి. మన దగ్గర ఎవరూ అడగని ఆ కాగితాన్ని వాళ్లు అడుగుతారు. మీ అమ్మాయి సైన్సులో మంచి మార్కులు తెచ్చుకుంటే ఆ మార్కుల మీద వచ్చే స్కాలర్‌షిప్‌కు ఏజెంటు అవసరం లేదు.

ప్రశ్న: ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలి ఏసీఎల్ (కీలును పట్టి ఉంచే లిగమెంట్) తెగింది. ఆపరేషన్ అయి రెండు వారాలు. ఇంటర్ రెండో సంవత్సరం. ఆట ఎలాగూ పోయింది, చదువు మీద కూడా మనసు నిలవడం లేదు. – ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: ఆట పోలేదు, వాయిదా పడింది. ఈ ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలలు నిండకుండా మైదానంలోకి దిగితే మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఐదో నెలలో నొప్పి లేదని దిగకు. ఎడమ, కుడి కాళ్ల బలం పోల్చే పరీక్షలు పాసయ్యాకే ఫిజియో అనుమతిస్తారు.

ఈ మొదటి వారాల్లో మనసు నిలవకపోవడానికి దిగులొక్కటే కారణం కాదు. కొన్ని నొప్పి మాత్రలు మత్తుగా ఉంచుతాయి, రాత్రి నిద్ర చెడుతుంది. ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావో రాసుకుని డాక్టరుకు చూపించు. చదువు పావుగంట ముక్కలుగా పెట్టుకో. ఒక పావుగంట పాఠం, తర్వాత ఫిజియో చెప్పిన తొడ బిగింపులు పది, మళ్లీ పాఠం. కూర్చునేటప్పుడు కాలు బెంచీ మీద చాపి, మడమ కింద దిండు పెట్టు. మోకాలి కింద పెట్టుకోకు. హాయిగా అనిపిస్తుంది గానీ కాలు నిటారుగా చాపలేని స్థితి వస్తుంది.

నీకు రోజూ నాలుగు గంటల ఆట సమయం ఇప్పుడు ఖాళీ. రెండు గంటలు ఫిజియోకి, రెండు గంటలు తప్పిన పాఠాలకు ఇస్తే ఆరు వారాల్లో క్లాసును అందుకుంటావు. పరీక్ష హాలు పై అంతస్తులో పడకుండా, కాలు చాపుకునేలా చివరి బెంచీ ఇవ్వమని డాక్టరు సర్టిఫికెట్ జతచేసి ఇప్పుడే ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టు. హాల్ టికెట్లు వచ్చాక పెడితే ఆలస్యమవుతుంది.